బీపీ బిళ్ళ వేసుకుంటే ఉబ్బసం ఎందుకు తగ్గదు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆయాసం గురించే ఉన్నాయి. ఏటా ఇదే టైముకి ఇదే బాధ, వరి కోతలయ్యాక పగలంతా నూర్పిళ్ళ ధూళి, రాత్రయితే మహేంద్రగిరి వైపు నుంచి దిగే చలి, తెల్లారితే పొయ్యి కాడ కట్టెల పొగ, ఒడిశాలో మా గజపతి జిల్లాలోనే కాదు అటు గంజాం, ఇటు రాయగడ వైపు కూడా ఇంతే. నాకూ చిన్నప్పట్నుంచీ ఉబ్బసం ఉంది, రాత్రుళ్ళు మా అమ్మ నన్ను ఒళ్ళో ఆనించుకుని అరుగు మీద కూర్చుని తెల్లవార్లూ వీపు రాసేది. ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండ ఎందుకు అలా పట్టేస్తుందో తెలుసుకోవాలనే నేను ఫిజియాలజీ, అంటే ఒళ్ళు పనిచేసే తీరు చెప్పే శాస్త్రం, చదివాను, తర్వాత పిల్లలకి అదే చెప్పాను. అందుకని ఈ నెల మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. మాది పర్లాకిమిడి. నాకు 52 ఏళ్ళు, పాతికేళ్ళుగా ఉబ్బసం ఉన్నాది, చలికాలం వస్తే తెల్లారగట్ల నాలుగింటికి లేచి కూర్చోవలసిందే. మొన్న బీపీ కూడా ఉన్నాదని ఎమ్లోడిపిన్ బిళ్ళ రాసేరు. ఫార్మసీ చదువుతున్న మా మేనల్లుడు ఏటంటాడంటే, అత్తా ఆ బిళ్ళ కాల్షియం తలుపులు మూసేసి రక్తనాళాల చుట్టూ ఉన్న కండని వదులు చేస్తాది, ఊపిరి గొట్టాల చుట్టూ కూడా అదే రకం కండ ఉంటాది, మరి నీ ఆయాసం కూడా తగ్గాలి కదా అంటాడు. నాకైతే రవ్వంత కూడా తగ్గలేదు. వాడు చెప్పింది తప్పా, లేకపోతే నా ఒంట్లోనే ఏదైనా తేడా ఉన్నాదా?

జవాబు: అమ్మా, మీ ఒంట్లో తేడా ఏమీ లేదు, మీ మేనల్లుడు అడిగింది కూడా చాలా మంచి ప్రశ్న. 1980ల్లో డాక్టర్లు కూడా అచ్చం అలాగే ఆలోచించి నిఫెడిపిన్, వెరాపమిల్ లాంటి మందులు ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇచ్చి చూశారు, బీపీకీ గుండె నొప్పికీ అంత బాగా పనిచేసిన మందులు ఇక్కడ పెద్దగా పనికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే కండ లోపలికంటా వెళ్ళాలి, కొంచెం ఓపిగ్గా చదవండి.

మన ఊపిరి గొట్టాలు లోపలికి వెళ్ళేకొద్దీ చెట్టు కొమ్మల్లా చీలిపోతుంటాయి, వాటి చుట్టూ పలచటి కండ ఒకటి మెలికలుగా చుట్టుకుని ఉంటుంది. చెయ్యి ఎత్తినట్టు, కాలు కదిపినట్టు మన ఇష్టంతో కదిలే కండ కాదిది, పుస్తకాల్లో దీన్ని నునుపు కండరం అంటారు. ఇది బిగిస్తే గొట్టం సన్నబడుతుంది. ఆ లెక్క ఎంత దారుణమో చూడండి, గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలికి అడ్డు రెండింతలు కాదు, 16 రెట్లు పెరుగుతుంది. పిల్లికూతలు అంటామే, అవి ఆ సన్నటి సందులోంచి గాలి దూరే చప్పుళ్ళు. ఉబ్బసం అంటే కఫమే అని చాలామంది అనుకుంటారు, కఫం ఉంటుంది, గొట్టం లోపలి గోడ కూడా వాస్తుంది, కానీ అప్పటిదాకా బాగానే పడుకున్న మనిషిని పది నిమిషాల్లో లేపి కూర్చోబెట్టేది మాత్రం ముఖ్యంగా ఈ కండ పట్టే.

ఆ కండని బిగించేది కాల్షియం. కణం బయట కాల్షియం దండిగా ఉంటుంది, లోపల మాత్రం కండ ఊరికే ఉన్నప్పుడు దాదాపు పదివేల వంతు తక్కువగా ఉంటుంది, అంత తేడా నిలబెట్టడానికి కణం రాత్రీ పగలూ పంపులు పెట్టి తోడి పోస్తూనే ఉంటుంది. లోపల కాల్షియం కాస్త పెరిగిందా, అది కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్ని పట్టుకుంటుంది, ఆ రెండూ కలిసి ఇంకో ఎంజైముని లేపుతాయి, ఆ ఎంజైము మయోసిన్ అనే పోగులకి ఫాస్ఫేట్ అంటిస్తుంది, అప్పుడు మయోసిన్ పోయి యాక్టిన్ పోగుల్ని పట్టుకుని లాగుతుంది, కండ బిగుస్తుంది. ఇంతవరకూ రక్తనాళం కండకీ ఊపిరి గొట్టం కండకీ తేడా లేదు, మీ మేనల్లుడు ఇక్కడిదాకా చెప్పింది నూటికి నూరు పాళ్ళూ కరెక్టు.

తేడా ఎక్కడంటే ఆ కాల్షియం ఎటు నుంచి వస్తుందన్న దగ్గర. ఒక్కో కణాన్ని మన పల్లెల్లో పాత పెంకుటిల్లు అనుకోండి. ఇంటికి వీధి తలుపు ఉంది, పెరటి తలుపు ఉంది, లోపల ధాన్యం గాదె కూడా ఉంది. ధాన్యం అంటే కాల్షియం, గాదె అంటే కణం లోపల కాల్షియం దాచుకునే సంచి. వీధి తలుపు అంటే కణం గోడ మీద కరెంటు తేడాకి తెరుచుకునే కాల్షియం ఛానెల్, ఎల్-టైప్ అంటారు. రక్తనాళం కండ తనకి కావలసిన ధాన్యం చాలావరకు ఈ వీధి తలుపు లోంచే తెచ్చుకుంటుంది, ఎమ్లోడిపిన్ పోయి ఆ తలుపు మూసేస్తే నాళం సడలుతుంది, బీపీ దిగుతుంది. ఊపిరి గొట్టం కండకి కూడా వీధి తలుపు ఉంది, లేదని కాదు, కానీ ఆయాసం వచ్చినప్పుడు అది ఎక్కువగా వాడుకునేది ఇంట్లో ఉన్న గాదె ధాన్యాన్నే. వీధి తలుపుకి తాళం వేసినంత మాత్రాన ఇంట్లో గాదె ఖాళీ అయిపోదు కదా.

మరి గాదె ఎవరు తెరుస్తారు? మెదడు నుంచి ఊపిరితిత్తులకి వేగస్ అనే నరం వస్తుంది, దాని కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే కెమికల్ చుక్కలుగా రాలుతుంది. కండ పైన ఎం3 అనే రిసెప్టర్లు, అంటే కబురు పట్టుకునే ప్రోటీన్లు, దాన్ని అందుకుంటాయి, లోపల ఐపీ3 అనే చిన్న మాలిక్యూల్ తయారవుతుంది, అది గాదె దగ్గరికెళ్ళి తన ఛానెల్ తెరుస్తుంది, కాల్షియం బయటికి దూకుతుంది. అది కూడా ఒక్కసారి దూకి ఆగిపోయే రకం కాదు, అలలు అలలుగా వస్తుంది, ఎసిటైల్‌కోలిన్ ఎంత ఎక్కువైతే అలలు అంత వెంటవెంటనే వస్తాయి, కండ అంత గట్టిగా బిగుస్తుంది. ఎలర్జీ వల్ల మాస్ట్ అనే రక్షణ కణాలు వదిలే హిస్టమిన్, ల్యూకోట్రయిన్లు కూడా వేరే వేరే రిసెప్టర్ల మీద తట్టి చివరికి ఇదే గాదె తెరిపిస్తాయి. ల్యూకోట్రయిన్లయితే హిస్టమిన్ కంటే ఇంచుమించు వెయ్యి రెట్లు బలమైనవి, రాత్రి పూట మోంటెలుకాస్ట్ బిళ్ళ రాస్తారు చూడండి, అది వాటి రిసెప్టర్ని మూసే మందు.

గాదె తరిగిపోతే కణం ఊరుకోదు. గాదె గోడ మీద స్టిమ్1 అనే కాపలా ప్రోటీను ఉంటుంది, లోపల ధాన్యం తగ్గిందని తెలియగానే అది కణం గోడ దాకా వచ్చి ఒరాయ్1 అనే ఛానెల్ తెరిపించి బయట నుంచి మళ్ళీ నింపిస్తుంది. నేను పెరటి తలుపు అన్నది దీన్నే, మీ ఎమ్లోడిపిన్ దీన్ని మూయలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది, రో కైనేజ్ అనే ఎంజైము ఒకటి, మయోసిన్ మీద అంటిన ఫాస్ఫేటుని తీసేసే ఇంకో ఎంజైముని పని చెయ్యనివ్వదు, దాంతో కాల్షియం కొంత తగ్గినా కూడా పట్టిన పట్టు సడలదు. వీధి తలుపుకి అసలు వంతే లేదా అంటే కొద్దిగా ఉంది, గాదెలోంచి వచ్చిన కాల్షియం క్లోరైడు ఛానెల్ ఒకటి తెరుస్తుంది, ఆ ఛానెల్ ఏ ప్రోటీనో 2008లో గాని తేలలేదు, అందులోంచి క్లోరైడు బయటికి పోతే గోడ మీద కరెంటు మారి వీధి తలుపు కాస్త తెరుచుకుంటుంది. అది చిన్న వంతే గనక ఆ ఒక్క తలుపు మూస్తే మీకు ఫలితం తెలియదు.

ఇక మీ తెల్లారగట్ల సంగతి. రాత్రి పడుకున్నాక వేగస్ నరం జోరు పెరుగుతుంది, వాపుని అణిచే కార్టిజాల్ హార్మోను అర్ధరాత్రి బాగా తగ్గిపోతుంది, రెండూ కలిసొచ్చి ఆ వేళకి గొట్టాలు పగటి కంటే సన్నబడి ఉంటాయి. ఉబ్బసం లేనివాళ్ళకి కూడా కొంచెం సన్నబడతాయి, వాళ్ళకి తెలియదు, మనకి తెలుస్తుంది. బీపీ బిళ్ళ మాత్రం ఆపకండమ్మా, అది ఉబ్బసానికి సాయం చెయ్యకపోయినా చెరుపు కూడా చెయ్యదు. కానీ ఆయాసంతో అలా నిద్ర లేస్తున్నారంటే మీ ఉబ్బసం మందు సరిపోవట్లేదన్నమాట, బరంపురం వెళ్ళే పని ఉన్నప్పుడు చూద్దాంలే అనుకోకుండా ఈ వారంలోనే డాక్టరుకి చెప్పండి.

ప్రశ్న: గుణుపురం దగ్గర పల్లె మాది. పత్తికి మందు కొట్టిన రోజు సాయంత్రం మా తమ్ముడికి ఛాతీ పట్టేసి పిల్లికూతలు వచ్చినాయి, నోట్లోంచి నీళ్ళు, కళ్ళంట నీళ్ళు, ఒకటే చెమట. వాడికి ముందెప్పుడూ ఉబ్బసం లేదు. పక్కింటాయన ఇన్హేలరు ఇచ్చినా తగ్గలేదు, ఆస్పత్రికి తీసుకెళ్తే ఏదో ఇంజక్షను మీద ఇంజక్షను చేసి బతికించేరు. ఇది ఉబ్బసమేనా?

జవాబు: కాదు నాయనా, ఇది విషం, మీరు టైముకి తీసుకెళ్ళారు గనక తమ్ముడు దక్కాడు. పై జవాబులో ఎసిటైల్‌కోలిన్ అన్నానే, అది నరం నుంచి రాలగానే దాన్ని ముక్కలు చేసి పారేసే ఎంజైము పక్కనే ఉంటుంది, లేకపోతే ఒకసారి బిగిసిన కండ ఇక విడవదు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి పురుగుమందులు సరిగ్గా ఆ ఎంజైమునే చంపేస్తాయి. దాంతో రాలిన ఎసిటైల్‌కోలిన్ రాలినట్టే పోగైపోయి ఊపిరి గొట్టాలు బిగిసిపోతాయి, లోపల నీరు ఊరిపోతుంది, నోరు కళ్ళు చెమట అన్నీ కారిపోతాయి, కంటిపాప చిన్నదైపోతుంది. ఇన్హేలరు ఇంత పోగుబడ్డ ఎసిటైల్‌కోలిన్‌తో గెలవలేదు. ఆస్పత్రిలో చేసింది ఎట్రోపిన్ అయి ఉంటుంది, అది ఎసిటైల్‌కోలిన్ కూర్చునే పీటల మీద ముందే పోయి కూర్చుంటుంది, ఊపిరితిత్తుల్లో తడి ఆరేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యాలి, అందుకే అన్ని ఇంజక్షన్లు.

ఈ ఎసిటైల్‌కోలిన్ కథ వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. 1921లో ఆటో లోవి అనే ఆయన ఒక కప్ప గుండె మీద వేగస్ నరాన్ని కదిలించాడు, గుండె నెమ్మదించింది, ఆ గుండె చుట్టూ ఉన్న నీళ్ళు తీసి ఇంకో కప్ప గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. నరం కరెంటుతోనే కాదు కెమికల్‌తో కూడా మాట్లాడుతుందని అలా తెలిసింది. లోవికి, హెన్రీ డేల్‌కి కలిపి నోబెల్ ఇచ్చింది 1936లో, మన పర్లాకిమిడి మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసిన సంవత్సరమే. క్లాసులో ఈ మాట చెప్తే పిల్లలు ఆ సంవత్సరాన్ని ఇక మర్చిపోయేవాళ్ళు కాదు.

మీకు నేను బతిమాలి చెప్పేది ఏమిటంటే గాలికి ఎదురు నిలబడి మందు కొట్టకండి, చొక్కా లేకుండా అసలు కొట్టకండి, ఈ మందు చర్మంలోంచి కూడా లోపలికి ఇంకిపోతుంది. మళ్ళీ ఎవరికైనా ఇలా అయితే ముందు 108కి ఫోను చేసి, ఆ బండి వచ్చేలోగా తడిసిన బట్టలు విప్పించి సబ్బు నీళ్ళతో ఒళ్ళంతా కడగండి, కడిగేవాళ్ళు చేతులకి తొడుగులు వేసుకోండి, మందు డబ్బా కూడా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: కాశీనగర్ నుంచి రాస్తున్నాను. మా తాత ఉమ్మెత్త ఆకు ఎండబెట్టి చుట్టలా చుట్టి కాల్చేవాడు, ఆయాసం నిమిషాల మీద తగ్గేదట. ఇప్పుడు మేము నెలకి వందలు పోసి ఇన్హేలర్లు కొంటున్నాం. ఆ పాత వైద్యం మళ్ళీ మొదలెట్టవచ్చా?

జవాబు: మీ తాతగారికి తగ్గిన మాట నిజమే అయి ఉంటుంది. ఉమ్మెత్తలో ఉండేది ఎట్రోపిన్, దాని చుట్టాలే, పై ఉత్తరంలో తమ్ముణ్ణి బతికించిన మందే. 1802లో జనరల్ జెంట్ అనే ఆయన మన మద్రాసులో ఈ వైద్యం చూసి ఇంగ్లండు తీసుకెళ్ళాడు, తర్వాత అక్కడ వందేళ్ళకు పైగా ఉమ్మెత్త సిగరెట్లు ఆయాసం మందుగా షాపుల్లో అమ్మారు. మనవాళ్ళకి ఎం3 రిసెప్టర్ పేరు తెలియకపోయినా దాన్ని మూసే ఆకు ఏదో తెలుసు, ఆ మాటకి నేను ఎప్పుడూ గర్వపడతాను.

కానీ ఇప్పుడు కాల్చకండి బాబూ. ఒక చెట్టు ఆకులో ఎంత మందు ఉంటుందో ఇంకో చెట్టు ఆకులో అంత ఉండదు, లేతాకుకీ ముదురాకుకీ కూడా తేడా, కాస్త ఎక్కువైతే మతి చలిస్తుంది, గుండె దడదడలాడుతుంది, ఒంటికి పేలిపోయే వేడి వస్తుంది, ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. పైగా ఏ ఆకు కాల్చినా పొగ పొగే. అదే ఎట్రోపిన్ని మార్చి రక్తంలోకి ఎక్కువగా వెళ్ళకుండా ఊపిరి గొట్టాల్లోనే పనిచేసేట్టు తయారు చేసినవే ఇప్రట్రోపియం, టయోట్రోపియం. మీరు కొనే ఇన్హేలర్లలో ఒకటి అదే అయి ఉండొచ్చు, మీ తాత వైద్యమే కొలత పెట్టి డబ్బాలో పోసి ఇస్తున్నారనుకోండి. ఖర్చు భారమైతే సర్కారు ఆస్పత్రిలోనూ జన ఔషధి షాపులోనూ అడగండి, అదే మందు కంపెనీ పేరు లేకుండా తక్కువకి దొరుకుతుంది.

ప్రశ్న: సార్, నేను బరంపురంలో డిగ్రీ సెకండియర్. ఆస్తాలిన్ ఇన్హేలరు కొట్టుకున్నాక చేతులు వణుకుతున్నాయి, గుండె దడ. ఇదివరకు రెండు పఫ్‌లకి తగ్గేది, ఇప్పుడు నాలుగైనా చాలట్లేదు. అలవాటైపోయిందా? ఆపేయనా?

జవాబు: అలవాటు అంటే సారా లాంటి అలవాటు కాదు, ఆ భయం పెట్టుకోవద్దు. ఇందులో ఉండే సాల్బ్యుటమాల్ కండ మీద బీటా-2 అనే రిసెప్టర్ని తడుతుంది, లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే మాలిక్యూల్ పెరుగుతుంది, అది ఒక్కసారే చాలా పనులు చేస్తుంది, గాదె తలుపుని బిగిస్తుంది, మయోసిన్‌కి ఫాస్ఫేట్ అంటించే ఎంజైముని నెమ్మదింపజేస్తుంది, పొటాషియం ఛానెళ్ళు తెరుస్తుంది. పొటాషియం బయటికి పోతే కణం గోడ మీద కరెంటు అటు తిరిగి వీధి తలుపు కూడా మూసుకునే ఉంటుంది. ఎమ్లోడిపిన్ ఒక్క తలుపు దగ్గర ఆగిపోతే ఇది ఇల్లంతా తిరిగొస్తుంది, అందుకే 5 నిమిషాల్లో గుండె తేలికవుతుంది. చేతి కండల్లో కూడా బీటా-2 రిసెప్టర్లే ఉంటాయి గనక వణుకు. ఎక్కువ కొట్టుకుంటే రక్తంలో పొటాషియం కణాల్లోకి దూరిపోయి తగ్గుతుంది, దడకి అది కూడా తోడవుతుంది.

కానీ నాలుగు పఫ్‌లకి తగ్గట్లేదన్న మాట నాకు నిజంగా దిగులుగా ఉంది. అస్తమానం తడుతుంటే కణం ఆ రిసెప్టర్లని లోపలికి లాగేసుకుంటుంది, మందుకి అందేవి తగ్గిపోతాయి. అంతకంటే ముఖ్యం, ఈ మందు కండని సడలిస్తుందే గాని గొట్టం గోడ వాపుని ముట్టుకోదు, హిస్టమినూ ల్యూకోట్రయిన్లూ వచ్చేది ఆ వాపులోంచే. పీల్చే స్టిరాయిడ్ మందు ఆ వాపుని తగ్గిస్తుంది, పైగా బీటా-2 రిసెప్టర్లని మళ్ళీ పెంచుతుంది. 2019లో ప్రపంచ ఉబ్బసం మార్గదర్శకాలు కూడా మారాయి, పెద్దవాళ్ళు సాల్బ్యుటమాల్ ఒక్కటే వాడుకుంటూ పోకూడదు, పీల్చే స్టిరాయిడ్ తప్పకుండా ఉండాలి అని రాశారు. స్టిరాయిడ్ అన్న మాట వినగానే ఇంట్లో అమ్మానాన్నలు భయపడతారు, పీల్చే డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, బిళ్ళల్లా మిల్లీగ్రాముల్లో కాదు, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే చాలు. నీ అంతట నువ్వు ఆస్తాలిన్ ఆపేయకు, అది జేబులో ఉండాల్సిందే. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి ఆపాల్సి వస్తున్నా, పెదాలు నీలంగా కనిపించినా రేపటిదాకా ఆగొద్దు, ఆ క్షణమే ఆస్పత్రికి. అంత ముదిరితే అక్కడ సెలైన్లో మెగ్నీషియం కూడా పెడతారు, అది కాల్షియానికి అడ్డం పడి కండని సడలిస్తుంది.

ప్రశ్న: మేము ఇంట్లో ఊరగాయలు, కారప్పొళ్ళు చేసి అమ్ముతాం. మిరపకాయలు వేపుతుంటే నాకు దగ్గు ఆగదు, మా తోడికోడలికైతే ఏకంగా ఆయాసమే వచ్చేస్తాది. ఒకే పొగ కదా, ఇద్దరికీ తేడా ఎందుకు? – బరంపురం

జవాబు: మిరప ఘాటులో ఉండే క్యాప్సైసిన్ గొట్టాల గోడల్లో ఉన్న నరాల కొసల మీద ఒక అయాన్ ఛానెల్ని తెరుస్తుంది, టీఆర్‌పీవీ1 అంటారు, వేడి నీళ్ళు పడ్డప్పుడు నాలుకకి చురుక్కుమనిపించేదీ అదే. దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఆ ఛానెల్ తెరుచుకోగానే కాల్షియం, సోడియం నరంలోకి దూరి మెదడుకి కబురు వెళ్తుంది, తిరుగు కబురు వేగస్ మీదుగా వస్తుంది, దగ్గు వస్తుంది, గొట్టం కొంచెం బిగుస్తుంది. మీకు అక్కడితో ఆగింది. మీ తోడికోడలి గొట్టాలు ముందే వాచి ఉండి ఉంటాయి, వాచిన గొట్టంలో నరాలు చిటికెడు ఘాటుకే రేగిపోతాయి, కండ కూడా అతిగా బిగుస్తుంది. ఆమెని ఒకసారి డాక్టరుకి చూపించండి, ఊదించి చూసే పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. వేపుడు పని పెరట్లో, గాలి వీపు వైపు నుంచి వచ్చేట్టు కూర్చుని చెయ్యండి, ఆ పని ఆమెకి అప్పచెప్పకండి, మూటలు కట్టే పని ఇవ్వండి.

ప్రశ్న: ఊపిరి గొట్టాల కండలో చేదు రుచి తెలిసే రిసెప్టర్లు ఉన్నాయని ఎక్కడో చదివాను, కాకరకాయ తింటే ఆయాసం తగ్గుతుందా? – ఛత్రపురం

జవాబు: రిసెప్టర్లు ఉన్న మాట నిజం, 2010లో తెలిసింది, చేదు పదార్థాలు తగిలితే ఊపిరి గొట్టం కండ సడలిందని ల్యాబులో చూశారు. కానీ తిన్న కాకరకాయ కడుపులోకి వెళ్తుంది, గొట్టాల కండ దగ్గరికి అంత మోతాదులో చేరదు. కూరగా బాగుంటుంది, మందు అనుకోకండి.

ప్రశ్న: మా నాన్నకి 68 ఏళ్ళు, ఉబ్బసం అదుపులోనే ఉండేది. కంట్లో ప్రెషరుకని చుక్కలు మొదలెట్టిన వారం నుంచి రాత్రుళ్ళు వగరుస్తున్నాడు. కంటి చుక్కకీ ఊపిరికీ సంబంధం ఏటి ఉంటాది? – రాయగడ

జవాబు: ఉంటుంది, ఈ ఉత్తరం చూడగానే జవాబు రాసి ముందు పోస్టులో పంపించేశాను, మిగతావాళ్ళకి కూడా తెలియాలని ఇక్కడ వేస్తున్నాను. సీసా మీద టిమోలోల్ అని ఉందేమో చూడండి. అది బీటా రిసెప్టర్లని మూసే మందు, కంట్లో వేసింది ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది, ఊపిరి గొట్టాల మీద బీటా-2 రిసెప్టర్లని కూడా మూసేస్తుంది, అప్పుడు ఎసిటైల్‌కోలిన్‌కి ఎదురు చెప్పేవాడు ఉండడు, ఇన్హేలరు కొట్టినా సరిగ్గా పట్టదు. తలనొప్పికీ చేతుల వణుకుకీ ఇచ్చే ప్రొప్రనలాల్ బిళ్ళతో కూడా ఇదే ప్రమాదం. చుక్కలు మీ అంతట మీరు మానేస్తే కంటి చూపు పోవచ్చు, అందుకని ఇవాళే కంటి డాక్టరుకి ఉబ్బసం సంగతి చెప్పి మార్పించండి, వేరే రకం చుక్కలు ఉన్నాయి. నాన్నగారి మందుల చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ సంచి మొత్తం బల్ల మీద పెట్టమనండి.